నీళ్లలోకి ముందు మాక్రోనా, వైడా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్లకు నగల ఫొటోలు తీయడం నా పని. పోయిన ఏడు అండమాన్‌లో డైవింగ్ మొదటి కోర్సు, ఓపెన్ వాటర్, పూర్తి చేశాను. ఇంతవరకు చేసినవి పదకొండు డైవ్‌లు. కెనాన్ 80డి కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. హౌసింగ్ (కెమెరాకు నీళ్లు తగలకుండా మూసే పెట్టె), ఒక స్ట్రోబ్ (నీళ్లలో వాడే ఫ్లాష్) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వచ్చే ఫిబ్రవరిలో వారం రోజులు హేవ్‌లాక్ పోతున్నా. ఆ తర్వాత మనకు దగ్గర కాబట్టి ఏడాదికి రెండు మూడుసార్లు పుదుచ్చేరిలో డైవ్ చేయాలని ఉంది. ఇప్పటికి ఒక లెన్స్‌కు, ఒక పోర్ట్‌కు (హౌసింగ్‌లో లెన్స్ ముందుండే అద్దపు భాగానికి) మాత్రమే డబ్బుంది. సముద్రమంటే వెడల్పు దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్సే అని తోటి డైవర్లు అంటున్నారు. కెమెరా అంగడాయన చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో తీసుకోమంటున్నాడు. ఏది కొనాలి?

జవాబు: మాక్రో కొనండి. 60 మి.మీ. మాక్రో లెన్స్, దానికి సరిపోయే పొడవున్న ఫ్లాట్ పోర్ట్, అంటే చదునైన అద్దమున్నది. వైడ్ తక్కువదని ఈ మాట చెప్పడం లేదు. సముద్రపు ఫొటోల్లో చూడగానే మనసును పట్టేసేవి చాలావరకు వైడ్‌తో తీసినవే. కానీ మీరు చేసిన డైవ్‌ల లెక్క, మీ చేతిలోని ఒక్క స్ట్రోబ్, మీరు దిగబోయే నీళ్లు, ఈ మూడూ తక్కెడలో వేస్తే ముల్లు ఇప్పటికి మాక్రో వైపే వంగుతుంది.

ఎందుకో తెలియాలంటే నీళ్లలో వైడ్ చేసే పని ఏమిటో ముందు తెలియాలి. గండికోట అంచున నిలబడి పెన్నా లోయను తీయాలంటే వైడ్ లెన్స్ ఎక్కిస్తాం, దూరంగా పరుచుకున్నదంతా ఫ్రేములో పట్టాలని. అదే అలవాటుతో నీళ్లలోకి దిగినవాళ్లు నీలిరంగు మసక తప్ప ఏమీ లేని ఫొటోలతో పైకి వస్తారు. నీళ్లలో వైడ్ లెన్స్ వాడేది దగ్గరికి పోవడానికి. మీటరు పొడవున్న తాబేలును మీ 18-55తో ఫ్లాట్ పోర్ట్ వెనకనుంచి తీయాలంటే, చుట్టూ కాస్త జాగా వదిలితే, మీటరున్నర దూరంలో ఉండాలి. అన్నిటికంటే వెడల్పుగా చూసే ఫిష్‌ఐ లెన్స్‌తో అదే తాబేలును జానెడు, జానెడున్నర దూరం నుంచి తీయొచ్చు. మధ్యలో తగ్గింది మీటరు పైచిలుకు నీరు. తేడా అంతా అక్కడే ఉంది.

ఆ నీరు ఖాళీగా ఉండదు. ఇసుక రేణువులు, ప్లాంక్టన్ తేలుతుంటాయి. పైగా నీరు ముందు ఎరుపును తాగేస్తుంది. మొదటి 5 మీటర్లలోనే ఎరుపు చాలావరకు పోతుంది, ఆ వెనక నారింజ, దాని తర్వాత పసుపు. ఇది లోతుకే కాదు, అడ్డంగా ఉన్న దూరానికి కూడా వర్తిస్తుంది. చాలామంది మరిచేది ఇదే. మీటరున్నర దూరంలోని తాబేలు మీద స్ట్రోబ్ వేస్తే ఆ వెలుగు పోయి రావడానికి 3 మీటర్ల నీరు దాటాలి. తిరిగి వచ్చేసరికి అందులో ఎరుపు పలుచబడి ఉంటుంది. దారిలోని ప్రతి రేణువూ మధ్యలో మెరిసి ఫొటో నిండా తెల్ల చుక్కలవుతుంది. దాన్నే బ్యాక్‌స్కాటర్ అంటారు. వైడ్ అయినా మాక్రో అయినా నీళ్లలో మంచి ఫొటోకు మొదటి షరతు మీకూ వస్తువుకూ మధ్య నీరు తగ్గడం.

మీ 18-55నే వైడ్‌గా వాడుకోవచ్చు కదా అనుకోవచ్చు. గాలిలో 18 మి.మీ. దగ్గర అది మూల నుంచి మూలకు 74 డిగ్రీలు చూస్తుంది. ఫ్లాట్ పోర్ట్ వెనక నీళ్లలో అదే 54 డిగ్రీలకు తగ్గిపోతుంది. నీటి వక్రీభవన గుణకం 1.33. నీళ్లలోంచి చదునైన అద్దం దాటి గాలిలోకి వచ్చే కిరణం వంగుతుంది, వస్తువు ఉన్నచోటికంటే నాలుగోవంతు దగ్గరగా కనిపిస్తుంది. బొక్కెనలో చెయ్యి పెడితే లావుగా కనబడేది ఇందుకే. అంచుల దగ్గర కిరణాలు ఇంకా వాలుగా వస్తాయి కాబట్టి ఫొటో మూలల్లో రంగుల అంచులు, అలుకుడు కూడా కనిపిస్తాయి. ఆ లెన్స్ పనికిరాదని కాదు. జానెడు చేప, కొమ్ము చిప్ప, సహ డైవర్ ముఖం లాంటివి దాంతో బాగానే వస్తాయి. వైడ్ మాత్రం కాదు.

అసలైన వైడ్‌కు డోమ్ పోర్ట్ కావాలి. గుండ్రటి అద్దం కిరణాలను వంచకుండా లోపలికి పంపి, పోయిన కోణాన్ని తిరిగి తెస్తుంది. దానికి బదులుగా ఒక మెలిక పెడుతుంది. నీరు, డోమ్ కలిసి ఒక లెన్స్‌లా పనిచేసి, దూరంలో ఉన్నదాని బింబాన్ని కూడా డోమ్ ముందే, దాని వ్యాసార్ధానికి సుమారు మూడింతల దూరంలో నిలబెడతాయి. కెమెరా ఫోకస్ చేసేది ఆ బింబం మీదే. 8 అంగుళాల డోమ్‌కు అది సుమారు 30 సెం.మీ., 4 అంగుళాల డోమ్‌కు సుమారు 15 సెం.మీ. మీ ఎదుట ఉన్న వస్తువు దగ్గరైతే బింబం ఇంకా దగ్గరవుతుంది. అంత దగ్గరగా ఫోకస్ కాని లెన్స్‌ను డోమ్ వెనక పెడితే కెమెరా వెతుకుతూనే ఉంటుంది, క్లిక్ పడదు. డోమ్ కేంద్రం, లెన్స్‌లో వెలుగు ప్రవేశించే బిందువు ఒక్కచోట కలవాలి కూడా. అందుకే ఒక్కో లెన్స్‌కు ఒక్కో కొలత ఎక్స్‌టెన్షన్ రింగ్ (డోమ్‌ను ముందుకు జరిపే వలయం) ఉంటుంది. ఒక సెంటీమీటరు తేడా వచ్చినా మూలలు అలికినట్టవుతాయి. ఇవన్నీ కుదిరినా మీ సెన్సర్ సైజుకు మూలలు పదునుగా రావాలంటే లెన్స్ రంధ్రాన్ని ఎఫ్8 నుంచి ఎఫ్11 దాకా మూయాలి. అందువల్ల వైడ్ అంటే లెన్స్ ఒక్కటే కాదు: లెన్స్, డోమ్, రింగ్, రెండో స్ట్రోబ్, దాన్ని పట్టి ఉంచే కడ్డీలు, వాటి బరువు. మీ దగ్గరున్నది ఒకరికి సరిపడే డబ్బు. దాంతో నలుగురి భోజనానికి కూర్చోవద్దు.

రెండో స్ట్రోబ్ ఎందుకంటే, మీటరు వెడల్పున్న సముద్రపు విసనకర్ర (విసనకర్రలా పరుచుకునే పగడం) మీద ఒకే పక్కనుంచి వెలుగు వేస్తే ఆ పక్క వెలుగుతుంది, రెండో పక్క నీలంగా చచ్చిపోతుంది. మాక్రోలో మీరు వెలిగించాల్సింది బొటనవేలి గోరంత జాగా. ఒక్క స్ట్రోబ్ చాలు.

ఇక నీళ్ల సంగతి. హేవ్‌లాక్‌కు ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పేరు. ఫిబ్రవరిలో అక్కడ నీళ్లు బాగానే తేటగా ఉంటాయి, మీ మిత్రులు వైడ్ అనడానికి అదే కారణం. కానీ వాళ్లు చెప్పే డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ లాంటి చోట్ల అసలు వైభవం 18 మీటర్ల కిందే ఉంటుంది. మీ ఓపెన్ వాటర్ కార్డు 18 మీటర్ల దాకానే. మీరు ఎక్కువగా దిగేది నెమో రీఫ్, లైట్‌హౌస్ లాంటి తక్కువ లోతు చోట్లలో. అక్కడ క్లౌన్ చేపలు, చిన్న రొయ్యలు, నూడిబ్రాంక్‌లు (చిప్ప లేని సముద్రపు నత్తలు) ఉంటాయి, అంటే మాక్రో సరుకు. పుదుచ్చేరి తీరంలో నీటి తేట రోజుకో తీరుగా ఉంటుంది. అయిదారు మీటర్లు కూడా కనబడని రోజున వైడ్ లెన్స్ పెట్టుకుని దిగితే చేయగలిగింది తక్కువ. మాక్రోకు ఆ రోజు కూడా పనుంటుంది. ఏడాదంతా ఫొటోలు ఇచ్చే లెన్స్ మీకు అదే.

60 ఎందుకు, 100 ఎందుకు కాదు? రెండూ వస్తువును దాని అసలు సైజులో సెన్సర్ మీద పడేస్తాయి. మీ 80డిలో అంటే 22 మి.మీ. వెడల్పున్న వస్తువు ఫ్రేము నిండుతుంది. 60 మి.మీ. లెన్స్ సెన్సర్ నుంచి 20 సెం.మీ. దాకా, 100 మి.మీ. లెన్స్ 30 సెం.మీ. దాకా దగ్గరికి ఫోకస్ అవుతాయి. 100తో దూరం ఎక్కువ, మధ్యలో నీరు ఎక్కువ, చూపు సన్నం. వ్యూఫైండర్‌లో చేపను వెతుక్కోవడానికే సగం గాలి ఖర్చవుతుంది. దగ్గరికి పోతే బొరియలో దూరిపోయే గోబీ చేపలకు 100 మేలు, అది తర్వాతి మాట. 60తో అరచేయంత చేపను కూడా తీయొచ్చు. ఫోకస్ చేసేటప్పుడు దాని పొడవు మారదు కాబట్టి పోర్ట్‌లో ఇబ్బంది ఉండదు. అయితే లెన్స్ ముందు భాగానికీ పోర్ట్ అద్దానికీ మధ్య జాగా ఎంత తక్కువుంటే అంత మంచిది. పొడవు పోర్ట్ కొంటే మీ పని దూరాన్ని పోర్టే తినేస్తుంది. హౌసింగ్ తయారీదారు ఇచ్చే పోర్ట్ చార్ట్‌లో మీ లెన్స్ పేరు చూసి, ఆ నంబరు పోర్టే కొనండి.

నగలు తీసే చేతికి మాక్రోలో సగం పాఠం వచ్చేసినట్టే. ముక్కుపుడక రాయి పదునుగా ఉంటే దాని కాడ అలికిపోవడం మీరు రోజూ చూసేదే. నీళ్లలో కూడా అసలు సైజు దగ్గర ఎఫ్16లో పదునుండే మందం ఒక మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. మీ బల్ల మీద అయితే పది ఫొటోలు తీసి ఒకటిగా కలుపుకుంటారు. అలలో ఊగే జీవితో అది కుదరదు. ఆ ఒక్క మిల్లీమీటరు కంటి మీద పడాలి, నూడిబ్రాంక్‌కు అయితే తల మీది రెండు కొమ్ముల మీద. మందం కోసం ఎఫ్22, ఎఫ్32 దాకా మూయాలనిపిస్తుంది. వద్దు. అసలు సైజు దగ్గర ఎఫ్16 అసలు విలువ ఎఫ్32 అవుతుంది. కెమెరా ఆ మాట చూపదు. అక్కడినుంచి ఇంకా మూస్తే వివర్తనం వల్ల, అంటే సన్న రంధ్రం దాటేటప్పుడు వెలుగు చెదరడం వల్ల, ఫొటో మొత్తం మెత్తబడుతుంది. మందం పెంచుకునే మంచి దారి ఒకటుంది: జీవి శరీరం సెన్సర్‌కు సమాంతరంగా ఉండే పక్కనుంచి తీయడం.

కెమెరాను మాన్యువల్‌లో పెట్టండి. షటర్ 1/200, ఎఫ్14 లేదా ఎఫ్16, ఐఎస్ఓ 200, స్ట్రోబ్ నాలుగోవంతు పవర్. ఇది మొదలు. వెలుగు ఎక్కువ తక్కువలు స్ట్రోబ్ పవర్‌తోనే సర్దుకోండి, మిగతావి కదపొద్దు. 80డి స్ట్రోబ్‌తో 1/250 దాకా పనిచేస్తుంది. ఆ వేగంలో వెనక నీరు నల్లగా పోతుంది. నీలం కావాలంటే షటర్ 1/60కి దించి, ఎఫ్8కి తెరిచి, కింది నుంచి పైకి చూస్తూ తీయండి. పైనుంచి కిందికి తీసిన ఫొటోలో జీవి ఇసుకలోనో రాళ్లలోనో కలిసిపోతుంది. మొదట్లో అందరూ చేసే తప్పు ఇదే.

ఫోకస్‌కు మధ్య బిందువు ఒక్కటే ఎంచుకోండి. ఫోకస్‌ను షటర్ బటన్ నుంచి విడదీసి వెనక బటన్‌కు మార్చుకోండి. కావలసిన సైజు దగ్గర ఒకసారి ఫోకస్ పట్టి వదిలేసి, కెమెరాతో సహా మీరే పిసరంత ముందుకు వెనక్కి ఊగుతూ కన్ను పదునెక్కిన క్షణంలో నొక్కాలి. పది తీస్తే రెండు నిలుస్తాయి, అది మామూలే. 10 మీటర్ల కింద వెలుగు చాలక లెన్స్ వెతుకుతుంటే చిన్న ఫోకస్ లైట్ కావాలి. లెన్స్ తర్వాత మొదట కొనాల్సింది అదే.

స్ట్రోబ్‌ను పోర్ట్ కొసకు దగ్గరగా, కాస్త పైన, గడియారంలో పదకొండు గంటల దిక్కున పెట్టండి. అద్దం కంటే ముందుకు రానీయవద్దు. ముందుకు వస్తే వెలుగు అద్దం మీద పడి పొగలా తేలుతుంది.

దీన్ని ప్రొద్దుటూరులోనే నేర్చుకోవచ్చు. మిద్దె మీద నల్లటి ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు నింపి, అడుగున గిల్టు ముక్కుపుడక ఒకటి పెట్టి, హౌసింగ్‌ను ముంచి తీయండి. నూడిబ్రాంక్ చాలాసార్లు అంతే ఉంటుంది. తర్వాత ఆ నీళ్లలో అర చెంచా పాలు కలిపి మళ్లీ తీయండి. బ్యాక్‌స్కాటర్ అక్కడే కనిపిస్తుంది. స్ట్రోబ్‌ను వేలెడు వెనక్కి, పక్కకు, పైకి జరుపుతూ ఒక్కో ఫొటో తీసి పోల్చుకోండి. ఏ చోట చుక్కలు తగ్గాయో చేతికి గుర్తుండిపోతుంది. ఒక సాయంత్రం ఈ పని చేస్తే బోటు మీద రెండు డైవ్‌లు మిగులుతాయి. తొట్టిలో పని అయ్యాక హౌసింగ్‌ను మంచి నీళ్లతో కడగాలి, పాలు బటన్ల సందుల్లో ఎండితే జిగురుపడతాయి.

సెకండ్ హ్యాండ్ హౌసింగ్ కాబట్టి ముందు కెమెరా లేకుండా, లోపల టిష్యూ కాగితం పెట్టి మూసి, అరగంట తొట్టిలో ముంచి ఉంచండి. కాగితం ఒక్క మూల తడిసినా ఓ-రింగ్‌లన్నీ (నీరు దూరకుండా ఆపే రబ్బరు వలయాలు) మార్పించాలి. తొట్టిలో ఒత్తిడి తక్కువ, అక్కడ నెగ్గింది 15 మీటర్ల దగ్గర ఓడిపోవచ్చు. అండమాన్‌లో మొదటి డైవ్‌కు కూడా హౌసింగ్‌ను ఖాళీగానే తీసుకుపోండి. ఓ-రింగ్‌ను వేలితోనో ప్లాస్టిక్ కార్డు మూలతోనో తీయాలి, పిన్నుతో కాదు. దారాలు రాని గుడ్డతో రింగునూ గాడినీ తుడిచి, తయారీదారు చెప్పిన గ్రీజే, రింగు తళుక్కుమనేంత పలుచగా రాయండి. నీటిని ఆపేది గ్రీజు కాదు, నలిగి గాడిని నింపే రింగు. గ్రీజు ఎక్కువైతే ఇసుకనూ వెంట్రుకనూ పట్టి ఉంచుతుంది. ఒక్క వెంట్రుక చాలు నీరు దూరడానికి. పోర్ట్ మార్చడం, మూయడం అన్నీ ముందు రాత్రి ఏసీ గదిలో చేయండి. బోటు మీది తేమ గాలి లోపల చిక్కితే చల్లటి నీళ్లలో అద్దం మీద మంచు పడుతుంది. రెండు సిలికా జెల్ పొట్లాలు లోపల ఉంచండి. విమానంలో హౌసింగ్‌ను బిగించి పంపొద్దు, ప్రధాన రింగు తీసి సంచిలో పెట్టుకోండి. లిథియం బ్యాటరీలు మీ చేతి సామానులోనే ఉండాలి.

ఇప్పుడు మీకు నచ్చకపోయినా చెప్పాల్సిన మాట. మొదటి రోజు డైవ్‌లకు కెమెరా వద్దు. మన పక్క బావుల్లో ఈత నేర్చినవాళ్లకు చేతులు ఆడించే అలవాటు బలంగా ఉంటుంది. ఒంటికి ఆ ఊపే దిక్కు. డైవ్‌లో చేతులు కెమెరాకు పోతాయి, శ్వాస ఒక్కటే మిమ్మల్ని ఎత్తుతుంది, దించుతుంది. ఇసుక మీద, రీఫ్‌కు (పగడాల దిబ్బకు) దూరంగా, చేతులు కట్టుకుని ఒక నిమిషం ఒకే ఎత్తులో కదలకుండా నిలవగలిగితే కెమెరా పట్టండి. అంతవరకు మాక్రో కోసం పగడానికి జానెడు దూరంలోకి పోవడం దానికి ప్రమాదం. కాలికి తొడిగిన ఫిన్ ఒక్కసారి తగిలితే ఏళ్లుగా పెరిగిన కొమ్మ విరుగుతుంది. పగడం పట్టుకుని నిలబడటం, రొయ్యను కడ్డీతో కదపడం, నీటిగుర్రాన్ని తిప్పి ముఖం ఇటు పెట్టడం, ఇవేవీ చేయొద్దు. రీఫ్ కట్టే పగడాలకు, నీటిగుర్రాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, కదిపిన జీవి బిగుసుకుపోయినట్టు ఫొటోలోనే తెలిసిపోతుంది. నీటిగుర్రం దొరికితే రెండు మూడు ఫొటోలు తీసి వదిలేయండి. దానికి కనురెప్పలు లేవు.

లెన్స్ నీళ్లలో మార్చలేం. ఒడ్డునే తేల్చుకోవాలి. 60 ఎక్కించిన రోజున తాబేలు ఎదురొస్తే దాని కంటిని తీయండి, లేదా ఊరికే చూడండి. ఆ రోజు వైడ్ ఉంటే బాగుండేదని తప్పకుండా అనిపిస్తుంది. రేపటి డైవ్‌కు 18-55 మార్చాలనే ఆశ కూడా పుడుతుంది. వారంలో ఒకటి రెండు డైవ్‌లకు మించి మార్చకండి. రోజూ మార్చినవాళ్లకు రెండూ సరిగా రావు.

పాతిక ముప్పై డైవ్‌లు దాటి, అడ్వాన్స్‌డ్ కోర్సు అయ్యాక వైడ్‌కు రండి. మీ కెమెరాకు తోకినా 10-17 ఫిష్‌ఐ, 4 అంగుళాల చిన్న డోమ్ మంచి జోడి. ఆ లెన్స్ 14 సెం.మీ. దాకా దగ్గరికి ఫోకస్ అవుతుంది కాబట్టి చిన్న డోమ్ ముందు నిలిచే బింబాన్ని పట్టగలదు. చిన్న డోమ్‌తో పగడానికి బెత్తెడు దూరంలోకి పోయి, వెనక నీలం, పైన సూర్యుడు పడేలా తీయొచ్చు. అప్పుడు స్ట్రోబ్‌లు రెండూ డోమ్‌కు వెనగ్గా, చేతులు చాచినంత వెడల్పున, ముఖాలు కాస్త బయటికి తిప్పి ఉండాలి. వెలుగు పుంజం నడుమ భాగం కాదు, దాని అంచు వస్తువును తాకాలి. డోమ్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే లోపలి వైపు టార్చి వేసి చూడండి. బయటి చిన్న గీతలను నీళ్లు నింపేస్తాయి, ఫొటోలో కనబడవు. లోపలి గీత మాత్రం ఎండ పడ్డ ప్రతి ఫొటోలో కనబడుతుంది, అలాంటి డోమ్ ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.